లండను శిశుశరణాలయము : తొలి చరిత్ర, ఆనవాళ్లు

కన్నవారు విడిచిన శిశువును పరులు చేరదీసి పెంచుట మన వాఙ్మయమునకు క్రొత్త విషయము కాదు. శకుంతలను కణ్వమహర్షి పెంచెను. నదిలో విడువబడిన కర్ణుని సూతదంపతులు పెంచిరి. ఇట్టి కథలలో ఆనవాలునకు గల ప్రాధాన్యము గమనింపదగినది. కుమారాస్త్రవిద్యాప్రదర్శన సమయమున కుంతి తన తొలిచూలు బిడ్డను గుర్తించినది అతని సహజకవచకుండలములను చూచియే. కాళిదాసు నాటకమున దుష్యంతునకు మరచిన భార్య జ్ఞప్తికి వచ్చినది ఉంగరమును చూచియే. అట్టి అభిజ్ఞానమును కావ్యకల్పనగా గాక కార్యాలయనియమముగా పాటించిన ధర్మసంస్థ యొకటి 18వ శతాబ్దిలో లండను నగరమున వెలసెను. దాని తొలి చరిత్రను స్థూలముగా వివరించుట, అందు ఆనవాలు వహించిన పాత్రను పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినవి.

ఒక ధర్మసంస్థ చరిత్రను వ్రాయునపుడు అది ఎందరిని కాపాడెను, ఎంత ధనము వెచ్చించెను అను ప్రశ్నలు సహజముగా పుట్టును. వానితోపాటు మరియొక ప్రశ్నయు వేయవలసియున్నది. తాను కాపాడిన బిడ్డ ఎవరి బిడ్డయో తెలుపు సాక్ష్యమును ఆ సంస్థ కాపాడెనా? ప్రాణరక్షణము, గుర్తింపురక్షణము అను రెండు కార్యములు ఒకటి కావు. వీని నడుమ గల ఘర్షణయే ఈ సంస్థ చరిత్రకు జీవము.

పేరు, పరిభాష

ఈ సంస్థను ఆంగ్లమున ఫౌండ్లింగ్ హాస్పిటల్ అందురు. హాస్పిటల్ అను మాటకు నేడు వైద్యాలయమను అర్థము రూఢమైనది గాని, ఆ కాలమున ఆశ్రయమిచ్చు ధర్మస్థానమను అర్థమును కలదు. కావున దీనిని శిశుశరణాలయమని తెలుగు చేయుట యుక్తము. ఇక ఫౌండ్లింగ్ అనగా దొరికిన బిడ్డ. ఈ మాట కొంత భ్రమను కలిగించును. ఈ సంస్థలో చేరిన శిశువులలో పెక్కుమంది వీథిలో దొరికినవారు కారు. తల్లులో, తల్లుల పక్షమున ఇతరులో చేతులార తెచ్చి అప్పగించినవారే. విడుచుటకును అప్పగించుటకును గల భేదమును మనస్సున నుంచుకొననిచో ఈ చరిత్ర బోధపడదు. విడిచిన వాడు మరల రాదలచడు. అప్పగించిన వారికి తిరిగి పుచ్చుకొను ఆశ మిగిలియుండును.

థామస్ కోరం యత్నము

సంస్థాపకుడు థామస్ కోరం పండితుడు కాడు, ప్రభువు కాడు. అతడు 1668 ప్రాంతమున ఇంగ్లండు దక్షిణతీరమందలి లైమ్ రీజిస్ అను రేవుపట్టణమున జన్మించి, చిన్ననాటనే సముద్రయానమునకు వెడలి, అమెరికాలోని మసాచుసెట్స్ ప్రాంతమున నౌకానిర్మాణము చేసి, 1704లో స్వదేశమునకు మరలివచ్చెను. లండనుకు దిగువను థేమ్సు నదీతీరమున నుండు రాదర్‌హైత్‌లో నివసించుచు, పనుల నిమిత్తము వేకువజామునను ప్రొద్దుక్రుంకిన పిదపను నగరమునకు రాకపోకలు సాగించుచుండెను. ఆ దారిప్రక్కన విడువబడిన పసికందులను, కొందరిని సజీవులుగను, కొందరిని మృతులుగను, కొందరిని కొనయూపిరితోను అతడు చూచెను. కోరం దంపతులకు సంతానము లేదు.

ఫ్లారెన్సు నగరమందలి శిశుశరణాలయమున 1445లోనే శిశువులు చేరియుండిరి. పారిస్ నగరమునను అట్టి సంస్థ కలదు. లండనులో మాత్రము లేదు. బీదల పోషణభారము అచ్చట పారిష్‌లపై, అనగా చర్చి పరిధిని బట్టి ఏర్పడిన పల్లె, పేట విభాగములపై ఉండెను. అవివాహిత ప్రసవించినచో ఆ బిడ్డ భారము తమపై బడునని పారిష్ అధికారులు ఆమెను వేరొకచోటికి తరుముటయు కలదు. కొలువులోనున్న దాసి గర్భవతియైనచో కొలువు పోవును. కొలువు పోయిన పిమ్మట బ్రతుకుతెరువు లేదు. బిడ్డను చంకనిడుకొని క్రొత్త కొలువు సంపాదించుట అసాధ్యము.

కోరం 1722లో తన ప్రయత్నమును ప్రారంభించెను. అది ఫలించుటకు పదునేడేండ్లు పట్టెను. ఇట్టి శరణాలయము దురాచారమునకు ప్రోత్సాహమగునని పెద్దలు ఆక్షేపించిరి. పురుషప్రముఖులు వెనుదీయగా కోరం ఉన్నతకుటుంబముల స్త్రీలను ఆశ్రయించెను. 1729లో సోమర్సెట్ డచెస్ తొలి సంతకము చేయగా 1735 నాటికి ఇరువదియొక్కమంది కులీనస్త్రీలు రాజునకు చేసిన విన్నపముపై సంతకములు చేసిరి. వారి పేర్లు చేరిన పిదప ఈ కార్యమునందు అపవిత్రత కలదనుటకు ఎవరికిని నోరు రాలేదు. 1739 అక్టోబరు 17న రెండవ జార్జి రాజు శాసనపత్రమును ప్రసాదించెను.

సంస్థ స్థిరపడకమునుపే దానిని కల్పించినవాడు దూరమయ్యెను. పాలకవర్గముతో వివాదము కలుగగా 1742లో కోరం తిరిగి ఎన్నుకొనబడలేదు. అతడు 1751 మార్చి 29న మరణించెను. అతని దేహమును సంస్థయొక్క ప్రార్థనామందిరమునందే ఖననము చేసిరి.

ప్రవేశవిధానము

1741 మార్చి 25వ తేది రాత్రి హాటన్ గార్డెన్ అను వీథిలోని అద్దెయింట శరణాలయపు తలుపులు తొలిసారి తెరవబడెను. వచ్చిన స్త్రీల ముఖములు ఇతరులకు గోచరింపకుండుటకై ప్రవేశద్వారమునందలి దీపమును ఆర్పివేసిరి. ముప్పదిమంది శిశువులు చేరుసరికి చోటు నిండెను. బిడ్డలను అప్పగించి పోవు తల్లుల దుఃఖమునకును, చోటులేక బిడ్డలతో మరలిపోవు తల్లుల దుఃఖమునకును పెద్ద భేదము కానరాలేదను అర్థము వచ్చునట్లు ఆనాటి కార్యవివరణము వ్రాయబడినది. తొలుత జ్ఞానస్నానము పొందిన బాలునకు థామస్ కోరం అనియు, బాలికకు అతని భార్య పేరిట యూనిస్ కోరం అనియు నామకరణము చేసిరి.

వచ్చువారు పెక్కుమంది, చోటు స్వల్పము. తలుపుకడ త్రోపులాటలు జరుగుచుండుటచే 1742లో చీట్లపద్ధతి వంటిదానిని ప్రవేశపెట్టిరి. ఒక సంచిలో రంగుగుండ్లను వేసి, ఒక్కొక్క స్త్రీచే ఒక్కొక్కటి తీయించెడివారు. తెల్లగుండు వచ్చిన, బిడ్డ ఆరోగ్యముగ నున్నచో ప్రవేశము. ఎఱ్ఱగుండు వచ్చిన, తెల్లగుండు తీసినవారి బిడ్డలలో ఎవరైన తిరస్కరింపబడుదురేమో యని వేచియుండవలెను. నల్లగుండు వచ్చిన, బిడ్డతో మరలిపోవలెను. పక్షపాతమునకు తావు లేని పద్ధతియే గాని, ఒక శిశువు బ్రతుకు గుండు రంగుపై ఆధారపడుట చూచువారికి హృదయవిదారకము.

చేర్చుకొనిన శిశువు మెడకు సంఖ్యగల సీసపుబిళ్లను కట్టెడివారు. శిశువును పల్లెలకు పంపి దాదులచే పాలిప్పించెడివారు. ఆయా పల్లెల దయాళువులు దాదులపై పర్యవేక్షణము చేసెడివారు. శిశుపోషణమును గూర్చి 1748లో విలియం కాడొగన్ అను వైద్యుడు ప్రకటించిన గ్రంథము ఈ సంస్థ పాలకులలో నొకనికి లేఖారూపమున వ్రాయబడినదే. బిడ్డలు అయిదేండ్ల ప్రాయమున లండనుకు తిరిగివచ్చి కొంత చదువు నేర్చి, పిదప బాలురు నౌకలలోనో వ్యవసాయమునందో వృత్తులయందో, బాలికలు గృహసేవలోనో కుదురుకొనెడివారు. పెంచిన దాదియే తల్లియని యెరిగిన బిడ్డకు అయిదవయేట ఆమెనుండి వేరగుట రెండవ వియోగము.

ఈ వ్యయమునకు కావలసిన ధనము ప్రజల దాతృత్వమునుండి రావలసియుండెను. చిత్రకారుడు హోగార్త్ 1740లో కోరం చిత్రమును లిఖించి సంస్థకు ఒసగెను. ఇతర చిత్రకారులును తమ పటములను దానము చేయగా వానిని చూడవచ్చిన సంపన్నులు దాతలైరి. సంగీతకర్త హాండెల్ 1749లో సంస్థకొరకు కచేరి చేసెను. 1750 నుండి తన మెస్సయ్య అను కృతిని ఏటేట సంస్థ ప్రార్థనామందిరమున వినిపించి ఆదాయము చేకూర్చెను. ఆ కృతి ప్రతి నొకదానిని మరణశాసనము ద్వారా సంస్థకే విడిచెను.

ఆనవాళ్లు

బిడ్డను తెచ్చినవారిని పేరు గాని ఊరు గాని అడుగరాదని తొలినాళ్ల నియమము. ఇది తల్లి మానమును కాపాడుటకు ఏర్పడినది. అయినను ముందెన్నడైన బిడ్డను తిరిగి కోరుటకు ఆధారముగా ఏదైన వ్రాతనో గుర్తునో ఉంచుడని సంస్థ ప్రకటించెను. పేరడుగకుండుట మరపునకు మార్గము. గుర్తుంచుమనుట జ్ఞాపకమునకు మార్గము. ఒకే సంస్థ ఒకే ద్వారముకడ ఈ రెండింటిని కోరెను.

ప్రతి శిశువునకును ఒక అచ్చుపత్రమును నింపెడివారు. చేరిన తేది, శిశువు ఆడయో మగయో, వయస్సు, దేహమునందలి గుర్తులు, ధరించిన వస్త్రముల వివరణము అందు వ్రాసి, ఆనవాలును దానికి గుచ్చి, మడిచి ముద్రవేసెడివారు. ఎవరైన బిడ్డను కోరి వచ్చిననే ఆ ముద్రను విప్పవలెను. ఇట్లు సేకరింపబడిన వానిలో నాణెములు, అంగుస్తానములు, పతకములు, పేకముక్కలు, లేఖలు, పద్యములు కూడ కలవు. అన్నిటికంటె ఎక్కువైనవి గుడ్డపేలికలు. 1741 నుండి 1760 వరకు గల పత్రములతో దాదాపు 5000 పేలికలు నిలిచియున్నవి. రాణివస్త్రములు భద్రపరుపబడుట సహజము. పనికత్తె గౌను, కూలివాని భార్య కట్టిన అద్దకపుగుడ్డ ఇంత సంఖ్యలో ఆ శతాబ్దినుండి మిగిలియుండుట అపూర్వము. వస్త్రచరిత్ర పరిశోధకుడు జాన్ స్టైల్స్ వీనిని పరిశీలించి 2010లో లండనులో ప్రదర్శనము నేర్పాటుచేసెను.

గుడ్డపేలికయే ఏల? ఆ తల్లులలో పెక్కుమందికి వ్రాయుట రాదు. వ్రాయగలవారు లేఖ నుంచిరి. వ్రాయలేనివారి పక్షమున గుడ్డపై పూవు, చుక్క, చార మాటలాడవలసియుండెను. కొన్ని పేలికలను తల్లులే ఇచ్చిరి. కొన్నింటిని సంస్థ ఉద్యోగులే శిశువు వస్త్రమునుండి కత్తిరించి పత్రమునకు గుచ్చిరి. ఏది ఎట్లు వచ్చినను, తల్లి మరల వచ్చి తన బిడ్డ ఫలానా తేదిన ఫలానా రంగు గుడ్డతో చేరెనని చెప్పగలిగినచో ఆ పత్రమును వెదకి పోల్చుటకు వీలగును. పలురంగుల గుడ్డలను కుట్టి, దానిపై హృదయాకృతిని అల్లి, దానిని నడిమికి కత్తిరించిన యొక ఆనవాలు ప్రసిద్ధము. 1767లో చేరిన బాలుని పత్రముతో సగము నిలిచినది. ఆ బాలుని 1775లో తల్లి వచ్చి తీసికొనిపోయెను.

ఇట్టి సుఖాంతములు అత్యల్పము. 1741 నుండి 1760 వరకు చేరిన 16,000కు పైగా శిశువులలో తిరిగి తమవారిని చేరినవారు 152 మంది మాత్రమే. ఈ సంఖ్యను చూచి తల్లులు బిడ్డలను మరచిరని తీర్మానించుట తొందరపాటు. తిరిగి వచ్చుటకు జీవనోపాధి కావలెను. అది చేకూరిన తల్లి వచ్చుసరికి బిడ్డ బ్రతికియుండవలెను.

అందరికిని తలుపు తెరచిన నాలుగేండ్లు

1756లో పార్లమెంటు 10,000 పౌనుల ద్రవ్యమును మంజూరు చేసెను. కాని తెచ్చిన ప్రతి శిశువును చేర్చుకొనవలెనని నిబంధన విధించెను. జూన్ 2న ఈ సార్వజనిక ప్రవేశము ప్రారంభమైనది. గుండ్ల సంచి పోయి, ద్వారముకడ బుట్ట వ్రేలాడెను. తొలిదినముననే 117 మంది శిశువులు వచ్చిరి. పారిష్ అధికారులు తమ భారమును దింపుకొనుటకు ఇది సదవకాశముగ భావించి, తల్లులనుండి బిడ్డలను బలవంతముగ తీసికొని పంపిన సందర్భములు కలవు. దూరప్రాంతములనుండి కూలికి శిశువులను గంపలలో మోసికొని వచ్చువారు బయలుదేరిరి. దారిలోనే మరణించిన బిడ్డలు కొందరు. యార్క్‌షైరునందలి ఆక్‌వర్త్ మొదలగు చోట్ల శాఖలు నెలకొల్పబడినను దాదులు చాలలేదు.

1760 మార్చిలో పార్లమెంటు ఈ ప్రవేశమును నిలిపివేసెను. ఆ నాలుగేండ్లలోపల చేరిన శిశువులు 14,934 మంది. వారిలో వృత్తిలో కుదురుకొను ప్రాయము వరకు జీవించినవారు దాదాపు 4,400 మంది. ఈ అంకెలను కేవలము సంస్థ అసమర్థతకు నిదర్శనముగ గొనరాదు. రోగపీడితులైన శిశువులు, మరణాసన్నులు ఆ ద్వారము చేరిరి. వీథిలోను పారిష్ అనాథశాలలోను వారికి కలుగు గతియు అదియే. అయినను దయకు తగిన సాధనములు లేనిచో దయ తన ఉద్దేశమునే చెరచునని ఈ ఘట్టము తెలుపుచున్నది.

ఆనవాళ్ల దృష్టితో చూచినచో ఇందు మరియొక నష్టము కలదు. గంపలో బిడ్డను తెచ్చిన కూలివానికి తల్లి పేరు తెలియదు. బలవంతముగ బిడ్డను కోల్పోయిన తల్లికి గుర్తునుంచు అవకాశము లేదు. సంఖ్య పెరిగినకొలది సాక్ష్యము పలుచబడెను. 1760 తరువాత బిడ్డలను మితముగ చేర్చుకొనుచు, తల్లుల విన్నపములను విచారించు పద్ధతి క్రమముగ నెలకొనెను. తల్లికి రసీదు ఇచ్చుటయు ఆచారమయ్యెను. రసీదు వచ్చిన పిదప గుడ్డపేలిక అవసరము తగ్గెను. 1801 నుండి అవివాహిత తల్లి మొదటి బిడ్డకే ప్రవేశమను నియమము వచ్చెను. పేరడుగని ద్వారముగ ప్రారంభమైన సంస్థ, తల్లి నడవడిని విచారించి గాని తలుపు తెరువని సంస్థగ మారెను. సాక్ష్యము దృఢపడినది గాని తల్లి మరుగు పోయినది.

మారిన పేర్లు, చెదరిన ఆనవాళ్లు

చేరిన ప్రతి శిశువునకును సంస్థ క్రొత్త పేరు పెట్టెను. తల్లి పెట్టిన పేరు, ఉన్నచో, ముద్రవేసిన పత్రములోనే ఉండిపోయెను. తొలుత పాలకుల పేర్లను, దాతల పేర్లను పెట్టిరి. ఆ బిడ్డలు పెద్దవారై తమకు ఆ కుటుంబములతో బంధుత్వము కలదని తలచుటచే ఆ పద్ధతి విడిచిరని చెప్పుదురు. ప్రసిద్ధకవుల, నావికుల పేర్లును పెట్టిరి. శిశువును పూర్వకళంకమునుండి తప్పించుట వారి సదుద్దేశము. ఐనను కర్ణునకు రాధేయుడను పేరు పెంచిన తల్లి ప్రేమనుండి వచ్చినది. ఈ బిడ్డల పేర్లు పట్టికనుండి వచ్చినవి.

ఈ స్థితి ఆంగ్లనవలాకారుని దృష్టిని ఆకర్షింపకపోలేదు. కొంతకాలము ఆ పరిసరములందే నివసించిన డికెన్స్ 1855-57 మధ్య వెలువడిన లిటిల్ డారిట్ నవలలో టాటీకోరం అను పాత్రను సృష్టించెను. సంస్థనుండి ఒక కుటుంబమువారు తెచ్చుకొనిన ఆ బాలికకు తన పేరే అవమానకారణముగ తోచును. పేరు పెట్టు అధికారము పెంచువారిదే యనుకొనిన కాలమున ఆ పేరు మోయువారి మనస్సును చూపిన చిత్రణమది.

19వ శతాబ్ది మధ్యమున సంస్థకు కార్యదర్శిగ నుండిన జాన్ బ్రౌన్‌లో ఆ సంస్థలోనే పెరిగినవాడు. అతని కాలమున, 1860 దశకమున, నాణెములు మొదలగు ఆనవాళ్లను పత్రములనుండి వేరుచేసి ప్రజలు చూచుటకై ప్రదర్శించిరి. చూచినవారి హృదయములు కరగినమాట నిజము. కాని పత్రమునుండి వేరైన ఆనవాలు ఎవరిదో తెలియదాయెను. తరువాతి పరిశోధకులు పత్రములందలి వర్ణనలను శ్రమించి పోల్చి, కొన్నింటిని మరల తమ తమ శిశువులతో జతచేయగలిగిరి. పరిశోధకులకు ఇందొక పాఠము కలదు. వస్తువునకు విలువ దాని ఆకృతిలో లేదు. అది ఏ పత్రమున, ఏ సంఖ్యక్రింద, ఏ తేదిన నిలిచినదో ఆ సంబంధములో కలదు. తాళపత్రగ్రంథమునుండి గద్యమును చించివేసినచో కవి తెలియనట్లే, పత్రమునుండి ఆనవాలును తీసివేసినచో బిడ్డ తెలియదు.

దత్తత వైపు

తొలినాళ్లలో ఈ సంస్థ చేసినది పోషణమే గాని దత్తత కాదు. ఈ భేదమును మన పరిభాషలో స్పష్టముగ చెప్పవచ్చును. ధర్మశాస్త్రమున దత్తపుత్రుడు తల్లిదండ్రులచే ఈయబడినవాడు. తల్లిదండ్రులు విడువగా పరులు గ్రహించిన పుత్రుని మనుస్మృతి అపవిద్ధుడని వేరుగ పేర్కొనెను. తరువాతి వ్యవహారమున ద్వాదశపుత్రులలో దత్తుడే ప్రధానముగ నిలువగా అపవిద్ధుడు మరుగుపడెను. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టమునకు 1962లో జరిగిన సవరణము వలన, తల్లిదండ్రులు విడిచిన బిడ్డను, తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డను న్యాయస్థానము అనుమతితో సంరక్షకుడు దత్తత నిచ్చుటకు వీలు కలిగెను.

ఇంగ్లండున దత్తతకు చట్టరూపము 1926లో ఏర్పడినది. అదే సంవత్సరమున శరణాలయము లండనులోని తన పాతభవనమును విడిచెను. పిదప 1935లో బర్కమ్‌స్టెడ్ చేరెను. 1950 దశకమున బిడ్డలను ఒకేచోట నుంచి పెంచు పద్ధతిని విడిచి, కుటుంబములలో నుంచు పద్ధతిని అవలంబించెను. 1970 దశకమునుండి దత్తతకార్యమును చేపట్టినది. నేడు కోరం అను పేరుతో ఆ సంస్థ పనిచేయుచున్నది. దాని చిత్రములును ఆనవాళ్లును 2004లో ప్రారంభమైన ఫౌండ్లింగ్ మ్యూజియమున చూడనగును.

1975 నాటి బాలల చట్టము వలన ఇంగ్లండు, వేల్సు దేశములలో దత్తులైనవారు యుక్తవయస్సు వచ్చిన పిదప తమ మూల జననపత్రమును చూచు హక్కును పొందిరి. దీనిని పాత ఆనవాళ్లతో పోల్చినచో ఒక ముఖ్యమైన మార్పు కానవచ్చును. శరణాలయపు ముద్ర విప్పబడవలెనన్న తల్లి రావలెను. బిడ్డ తనంతట తాను అడుగుటకు ఆ ఏర్పాటులో తావు లేదు. రెండువందల యేండ్లకు పైగా గడచిన పిదప ఆ పత్రమును విప్పుమని కోరు అధికారము బిడ్డకు దక్కినది.

ఇట్లు లండను శిశుశరణాలయ చరిత్ర దయయొక్క చరిత్ర మాత్రమే కాక లేఖనముయొక్క చరిత్ర కూడ. తల్లుల పేర్లడుగని గుమాస్తాలు బిడ్డల ఒంటిమీది గుడ్డను వర్ణించి వ్రాసిరి. ఆ వ్రాతలే నేడు ఆ నిరక్షరాస్యుల ఉనికికి ఏకైక ప్రమాణములు. బిడ్డకు అన్నము పెట్టినవారు పుణ్యాత్ములు. బిడ్డ ఎవరో తెలుపు కాగితమును పారవేయక దాచినవారును ఆ పుణ్యమున భాగస్వాములే యని గ్రహింపవలెను.